కళాశాల నాటకమునకు ఊరివాడు

"మీ వాడెవరండీ లోపల?" అని కళాశాల వాకిట కావలివాడు అడుగును. "మా వాడెవడును లేడు నాయనా, నాటకము చూడవచ్చితిని" అని పెద్దమనిషి చెప్పును. కావలివానికి ఆ సమాధానము బోధపడదు. కొడుకో మనుమడో లోపల లేకుండ విద్యార్థుల నాటకమునకు వచ్చువాడు అతని దృష్టిలో మతి చలించినవాడైనను గావలెను, మరేదో పనిమీద వచ్చినవాడైనను గావలెను. గుర్తింపు కార్డున్నవారిని లోనికి విడిచి, లేనివారిని నిలిపివేయుట అతని ఉద్యోగధర్మము గనుక అతనిని నిందింప బనిలేదు. విద్యాలయ రంగస్థలముతో ఊరివానికేమి సంబంధమని తలచు విద్యాధికారులనే మనము ప్రశ్నింపవలసియున్నది.

ఆ సంబంధమునుండియే మన నాటకరంగము పుట్టినదని వారు మరచినట్లున్నారు. 1880లో ధార్వాడ నాటకసమాజమువారు రాజమహేంద్రవరమునకు వచ్చి, కొన్ని ప్రదర్శనములిచ్చి వెడలిపోయిరి. వారు విడిచిపోయిన పాక అట్లే నిలిచియుండెను. అప్పుడా పట్టణమున తెలుగు ఉపాధ్యాయుడుగానుండిన కందుకూరి వీరేశలింగము పంతులుగారు ఆ పాకను వృథాపోనీయక, తమ శిష్యులను కూర్చి, వేషములు కట్టించి, తాము రచించిన చమత్కార రత్నావళిని ఆడించిరి. షేక్స్పియరు మహాకవి హాస్యనాటకమునకు అది తెలుగు రూపము. న్యాయవాదుల చమత్కారములను ఎగతాళి చేయు వ్యవహార ధర్మబోధినియు ఆ కాలముననే విద్యార్థులచే ప్రదర్శితమైనది. వేషధారులు బడిపిల్లలు, చూడవచ్చినవారు పురజనులు. వారు "మా పిల్లవాడు లేడుగదా, మనకెందుకు?" అని ఇంటికడనే కూర్చుండినయెడల ఆ ప్రయోగము పాఠశాల గోడల నడుమనే అణగిపోయియుండును. నేడు పంతులుగారి జన్మదినమైన ఏప్రిల్ 16ను తెలుగు నాటకరంగ దినోత్సవముగా జరుపుకొనుచున్నాము; నాడు పాకలో చాపలమీద కూర్చుండిన ఆ ప్రేక్షకులను మాత్రము ఎవ్వరును తలచుకొనరు.

సినిమాలు అరచేతిలోని ఫోనులోనికే దిగివచ్చిన ఈ దినములలో, చేయితిరిగిన నటులను విడిచి, గొంతు స్థిరపడని కుర్రవాని దుర్యోధనుని చూచుటకు బస్సెక్కి పోవుటలో ఏమి సుఖమున్నదని కొందరడుగుదురు. ఆ సుఖము వేరు. సినిమా అంతయు ముగిసిన పని. ప్రేక్షకుడు వచ్చినను రాకున్నను తెరమీది నాయకునకు ఒక మాట తప్పదు. విద్యార్థి నాటకమందు ప్రతి క్షణమును అపాయమే. పద్యము మూడవ పాదమున తట్టుపడినప్పుడు సభ యావత్తు ఊపిరి బిగబట్టును; తెరచాటునుండి అందించువాని గుసగుస మొదటి వరుసలకు వినబడును; తుదకు ఆ పాదము దొరికినప్పుడు చెలరేగు చప్పట్లు అరువది చిత్రములలో నటించినవానికైనను దొరకవు. మరునాటి ఉదయము రసాయనశాస్త్ర పరీక్ష వ్రాయవలసిన బాలుడు రాత్రి పదిగంటలవరకు కర్ణుడై మనలను ఏడిపించినాడనుకొనుడు. ఆ కర్ణుని మరచుట సులభముకాదు.

ఇక నవ్వు సంగతి. బెజవాడ యస్.ఆర్.ఆర్. కళాశాలలో విశ్వనాథ సత్యనారాయణగారు తెలుగు బోధించుచుండిన దినములలో రాచమల్లుని దౌత్యము అను నాటకమాడిరి. అందలి నాగమ్మ పాత్ర నందమూరి తారకరామారావను విద్యార్థికి వచ్చినది. స్త్రీవేషమునకు ఒప్పుకొనెనేకాని మీసము తీయుటకు మాత్రము ఆయన ససేమిరా అనెను. మీసముతోడనే రంగమెక్కి "మీసాల నాగమ్మ" అను బిరుదు సంపాదించెను. ఆనాడు నవ్వినవారికి తాము ఎవరిని చూచి నవ్వుచున్నారో తెలియదు. ఆయన తెరమీద శ్రీకృష్ణుడగుటయు, 1983లో ముఖ్యమంత్రి యగుటయు తరువాతి కథ. ఇట్టి అదృష్టము ప్రేక్షకునకు మాటిమాటికి కలుగదు, నిజమే. కాని విద్యార్థి రంగస్థలము ముందు కూర్చుండువానికి ఆ ఆశ యెప్పుడును ఒక మూల ఉండనే యుండును.

1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఈ విషయమున ఒకప్పుడు దారిచూపినది. రిజిస్ట్రారుగానుండిన కె.వి. గోపాలస్వామిగారును, గ్రంథాలయాధికారియైన అబ్బూరి రామకృష్ణారావుగారును నాటకమును పరీక్షల నడుమ కాలక్షేపముగా గాక, గట్టి విద్యగా చూచిరి. వాల్తేరులో ఆరుబయలు రంగస్థలము నెలకొల్పి, కళాశాలల నడుమ నాటకపు పోటీలు నడపిరి. గోడలును పైకప్పును లేని నాటకశాల కట్టించినవారి మనస్సులో కావలివానికి చోటుండదని మా యూహ.

ఆంగ్లేయుల విశ్వవిద్యాలయములను ప్రతిదానికి ఒరవడిగా తీసికొనుట మాకు రుచింపదు. అయినను మంచిని మంచియనక తప్పదు. కేంబ్రిడ్జిలో 1882లో విద్యార్థులు సోఫోక్లీసు వ్రాసిన అయాస్ నాటకమును మూలమగు ప్రాచీన గ్రీకుభాషలోనే ఆడిరి. ఆ సంప్రదాయము నేటికిని మూడేండ్లకొకమారు సాగుచున్నది. గ్రీకు తెలియని పురజనులును టిక్కెట్లు కొని పోయి చూచుచున్నారు. ఒక్క ముక్క అర్థముగాని భాషలోని నాటకమునకు అక్కడ ఊరివారు పోవుచుండగా, తెలుగువాడు తెలుగు నాటకమునకు పోవుటకు ఇచ్చట చీటీ చూపవలసివచ్చుచున్నది!

టిక్కెట్టు మాట వచ్చినది గనుక ఒక సంగతి. విద్యార్థుల ప్రదర్శనమునకు వెల పెట్టుట నీచమని మనలో కొందరి యభిప్రాయము. రవీంద్రనాథ ఠాకూరుగారు 1936లో, తమ డెబ్బదియైదవ యేట, శాంతినికేతన బృందమును వెంటబెట్టుకొని, విశ్వభారతి వ్యయములకై చిత్రాంగద నృత్యనాటకమును ఊరూర ప్రదర్శించుచు ఢిల్లీ చేరిరి. ఆ వయస్సున ఆయన పడు శ్రమ చూడలేక గాంధీమహాత్ముడు 60,000 రూపాయలు సమకూర్పించి ఆ యాత్ర మాన్పించెను. మహాకవి సిగ్గుపడని పనికి మన కళాశాలా సంఘముల కార్యదర్శులు సిగ్గుపడ బనిలేదు. ఊరివాడు నూరు రూపాయలిచ్చి వచ్చినచో అతడు అతిథికాడు, యాచకుడుకాడు. నచ్చనిచో లేచిపోవు హక్కుగల ప్రేక్షకుడు. విద్యార్థి నటునకు అట్టివాడే కావలెను. స్నేహితుడు వేషము వేసినందుకే చప్పట్లు కొట్టును. అధ్యాపకుడు మార్కులు వేయును. తల్లిదండ్రులకు తమవాడు రంగముమీద నిలిచియుండిననే చాలును. నాటకము బాగున్నదో లేదో చెప్పగలవాడు వీరెవ్వరునుగాని నాలుగవవాడు.

అయితే ఆ నాలుగవవానికిని కొంత మర్యాద కావలెను. విద్యాధికారులు తలుపులు మూయుటకు కారణములు లేకపోలేదు. బాలికలను వెంటబడి వేధించు పోకిరీలు, త్రాగివచ్చి సినిమాపాటలకై కేకలు వేయువారు, అడుగకయే ఫోనులలో పట్టి ఊరంతయు పంపువారు ఊరివారి పేరనే లోనికి వచ్చిరి. వారిని వెలుపల నిలుపవలసినదే. కాని పదిమంది అల్లరివాండ్రకై పదివేలమంది గృహస్థులను నిషేధించుట, ఎలుకకై ఇల్లు తగులబెట్టుటగాక మరేమి? వాకిట పేరు వ్రాయించుకొని, టిక్కెట్టు ఇచ్చి, కుటుంబములకు వేరు వరుసలు చూపిన సరిపోవును. మరియొక మనవి: మొదటి మూడు వరుసల సోఫాలు అధికారులకై ఖాళీగానుంచి, ఆరుగంటల నాటకమును వారి రాకకై ఏడున్నరవరకు ఆపు ఆచారమును గూడ మాన్పింతురుగాక.

దూరము మరియొక చిక్కు. 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయము నాంపల్లి చెంత సరోజినీదేవి నివాసమగు గోల్డెన్ త్రెషోల్డులో ఆరంభమై, పిమ్మట గచ్చిబౌలికి తరలినది. ఆమె పేరిట వెలసిన లలితకళా విభాగమున నాటకవిద్య బోధింపబడుచున్నది. కొన్నియేండ్లు ఆ పాత యింటిలో నాటక కార్యక్రమములు నడచినవి. ఇంటిముందునుండి పోవు గుమాస్తాయైనను దుకాణదారుడైనను రంగస్థలమునకు చేరువయైనట్లే. అదే గచ్చిబౌలి యైనచో, పోవుటకు ఒక పూట, తిరిగివచ్చుటకు ఆటోవాని దయ.

కావున ఈ యేటి వార్షికోత్సవముల యేర్పాట్లు చేయు కార్యదర్శులకు మా విన్నపము స్వల్పము. నాటకపు ప్రకటనను కళాశాల గోడమీదనేగాక బస్సుస్టాండులోను, మార్కెట్టు ముఖద్వారమునను తెలుగులో అంటింపుడు. సీట్లలో నాలుగవవంతు ఊరివారికి విడువుడు. సినిమాపాటల గంతులను ఒక రాత్రికి ముగించి, నాటకములకు వేరొక రాత్రి నియ్యుడు. ఆ రాత్రి పదిన్నరకు కళాశాల వాకిటనుండి ఊరిలోనికి రెండు బస్సులు నడుపవలసినదని ఆర్టీసీ డిపో మేనేజరునకు ఇప్పుడే ఒక అర్జీ వ్రాయుడు.