ఇచ్చిన పేరు, గుంజుకున్న పేరు

మాల్కం ఎక్స్ గురించి మనం చాలా మాట్లాడుకుంటాం. ఆయన్ని తయారుచేసి, చివరికి బయటికి నెట్టిన నేషన్ ఆఫ్ ఇస్లాం గురించి తక్కువ. 1930లో డెట్రాయిట్‌లో పుట్టిన ఈ సంస్థను 1934 నుంచి 1975లో చనిపోయేదాకా నడిపింది ఎలైజా మహమ్మద్. అనుచరులకు ఆయన దేవుని దూత.

సంస్థ చేసిన పని చిన్నదేం కాదు. జైళ్లల్లో మగ్గుతున్న నల్లవాళ్ల దగ్గరికి పోయింది, తాగుడు మాన్పించింది, బేకరీలు, బడులు, సొంత పత్రిక పెట్టింది. అన్నిటికన్నా పెద్దది పేరు. బానిసల యజమానులు తగిలించిన ఇంటిపేరు తీసేసి ఆ జాగాలో 'ఎక్స్' పెట్టుకోమన్నది. దొరలు తుంచేసిన పేర్లతో పిలిపించుకున్న మనవాళ్లకు దీని విలువ వేరే చెప్పక్కర్లేదు.

అయితే ఆ పేరు ఎవరి చేతిలో ఉంది? 1964 మార్చిలో బాక్సర్ కాసియస్ క్లేకి మహమ్మద్ అలీ అని పేరు పెట్టింది ఎలైజానే. 1969 ఏప్రిల్‌లో, డబ్బు కోసం మళ్లీ బాక్సింగ్‌లోకి దిగుతానన్నందుకు అలీని ఏడాది సస్పెండ్ చేసి, ఇక క్లే అనే పిలుస్తామని సంస్థ పత్రికలోనే ప్రకటించారు. వియత్నాం యుద్ధానికి పోనన్నందుకు అప్పటికే ఆయన తల మీద జైలుశిక్ష వేలాడుతోంది. తెల్లవాళ్ల కాలంనాటి పేరే శిక్షగా తిరిగొచ్చింది. ఆత్మగౌరవం కూడా గురువు దయ అయిపోయిందన్న మాట.

ఇది అలీతో మొదలైంది కాదు. 1962 ఏప్రిల్‌లో లాస్ ఏంజెలెస్ మసీదు దగ్గర పోలీసులు రోనాల్డ్ స్టోక్స్ అనే నిరాయుధుణ్ణి కాల్చి చంపారు. మాల్కం పోరాడదామంటే గురువు ఆపేశారు. వ్యభిచారం చేస్తే అనుచరులకు సస్పెన్షన్. కార్యదర్శులతో పిల్లల్ని కన్న గురువును మాత్రం అడిగేవాళ్లు లేరు. 1963 డిసెంబర్‌లో, కెనడీ హత్య మీద చేసిన వ్యాఖ్యకు మాల్కం నోరు 90 రోజులు మూయించారు. 1964 మార్చి 8న ఆయన బయటికొచ్చేశారు. 1965 ఫిబ్రవరి 21న హత్యకు గురయ్యారు. ఆ కేసులో శిక్షపడిన ముగ్గురిలో ఇద్దరు నిర్దోషులని 2021లో కోర్టు తేల్చింది. ఎఫ్‌బీఐ ఈ చీలికను ఎగదోసిన మాట నిజం. కానీ లోపల ప్రశ్నకు చోటుంటే వాళ్లకంత సందు దొరికేది కాదని మా అభిప్రాయం.

తండ్రి బోధను శంకించి ఒకటికి రెండుసార్లు వెలివేతకు గురైన కొడుకు వాలెస్, 1975లో వారసుడయ్యాడు. సిద్ధాంతం మార్చాడు, తెల్లవాళ్లను చేర్చుకున్నాడు, 1976లో సంస్థ పేరే తీసేశాడు. మార్పు మంచిదే కావొచ్చు. అదీ పైనుంచి హుకుంగానే దిగింది. నలభై ఏళ్లు అడగడం అలవాటు లేని సభ్యులు కొందరు వెంట నడిచారు, కొందరు ఇంటికి పోయారు. ఇంకొందరు 1977లో ఫరాఖాన్ పాత పేరుతో, ఎలైజా బోధతోనే మళ్లీ మొదలుపెట్టిన సంస్థలో చేరారు.