బజారుకు చరిత్ర లేదా?

కర్నూలు చరిత్ర అనగానే కొండారెడ్డి బురుజు గుర్తుకొస్తుంది, నవాబులు గుర్తుకొస్తారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయి, 1956 నవంబరు 1న ఆ హోదా హైదరాబాదుకు పోగొట్టుకున్న సంగతి గుర్తుకొస్తుంది. బురుజు, పాత బస్టాండు, రాజ్‌విహార్ల చుట్టూ అల్లుకున్న బజారును మాత్రం చరిత్రగా చూసినవారు తక్కువ.

జనం ఆ పని తమ పద్ధతిలో చేసుకున్నారు. రాజ్‌విహార్ ఒక హోటలు పేరు. దాన్నే కూడలికి పెట్టుకున్నారు. కడపలో అప్సర సర్కిల్‌కు ఆ పేరు సినిమాహాలు వల్ల వచ్చింది. పాలకులు కట్టిన బురుజు ఒక గుర్తయితే, పల్లె మనిషి కాఫీ తాగిన చోటు, సినిమా చూసిన చోటు మరొక గుర్తు.

ఈ బజారుకు పునాది ఎక్కడుంది? కాలువ నీళ్లందే భూములు తప్పిస్తే ఈ రెండు జిల్లాల సేద్యం చాలావరకు వాన మీద ఆధారపడిందే. నా చిన్నతనంలో శెనక్కాయలు బాగా పండిన ఏడు మా నాయన మమ్మల్ని కర్నూలుకు తీసుకొచ్చేవాడు. మొదట గుడ్డల అంగడి, తర్వాత హోటల్లో దోసె, ఆపైన మ్యాట్నీకి నేల టిక్కెట్టు. వాన తప్పిన ఏడు గుడ్డలు అరువుకే. సినిమా మాట ఎవరూ ఎత్తేవారు కాదు. పొలంలో ఎండిన పైరు ఆర్నెల్లకు అంగట్లో గల్లాపెట్టెను తాకేది.

వినోదానికీ ఈ నేలతో సంబంధముంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో తోలుబొమ్మలాడించే కుటుంబం 'కీచకవధ' ఆడడంతో సురభి నాటకసమాజం పుట్టింది. ఆ సమాజం నుంచి వచ్చిన సురభి కమలాబాయి 1932లో 'భక్త ప్రహ్లాద' టాకీలో లీలావతి పాత్ర ధరించింది. క్రమంగా టాకీలే నాటకాల ప్రేక్షకులను లాక్కున్నాయి. ఇప్పుడు సినిమాహాళ్ల వంతు వచ్చింది. హాలు మూతబడితే గేటు దగ్గర టిక్కెట్లు చించినవాడు, సోడాలమ్మినవాడు ఏమయ్యారని అడిగేవారెవరు?

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు పాతనగరాన్ని ముంచాయి. నీళ్లు తీసిన తర్వాత గుమస్తాలు బురదపట్టిన తానులను రోడ్డుమీద ఆరబెట్టడం నేను చూశాను. అంగడి నష్టానికి సరుకు సాక్ష్యం, బిల్లు సాక్ష్యం. అంగడి తెరవని రోజుల్లో గుమస్తా, హమాలీ పోగొట్టుకున్న కూలికి సాక్ష్యమేది?

సాహిత్యం అక్కరకు రావలసింది ఇక్కడే. సీమ కరువును చిత్రించిన కథలు మనకు విలువైన సంపద. అయితే వాటిలో చాలావరకు పొలంలో మొదలై పొలంలోనే ముగుస్తాయి. కరువు బస్సెక్కి బజారుకు కూడా వస్తుంది. అరువు ఖాతాలో కనిపిస్తుంది, పని పోయిన గుమస్తా ఇంట్లో కనిపిస్తుంది. సాహిత్య విద్యార్థులు బురుజు కొలతలు రాసుకున్నాక, దాని ఎదుట బండి పెట్టుకున్న మనిషిని కూడా పలకరించాలని నా మనవి. ముప్పై ఏళ్లుగా ఆయన చూసిన బజారు ఏ గెజెటీరులోనూ దొరకదు.