గాజుతొట్టెలో నీరు

నంద్యాలకు చేరువలోని మహానంది కోనేటిని చూసినవారు ఆ నీటి తేటదనాన్ని మరువలేరు. అడుగున పడిన నాణెం సైతం పైనుండి స్పష్టంగా కనిపిస్తుంది. నల్లమల పాదభాగాన ఉబికే ఊటనీరు నిరంతరం కోనేటిలోకి వస్తూ, వచ్చినది వచ్చినట్లే వెలుపలికి సాగిపోయి పొలాలను తడుపుతుంది. ఎడతెగని ఈ రాకపోకలే ఆ స్వచ్ఛతకు ముఖ్యకారణం. ఇంటిలో చేపలను పెంచే గాజుతొట్టె, అనగా అక్వేరియం, ఇందుకు పూర్తిగా భిన్నమైనది. అందులో చేరిన మలినం తనంత తానుగా బయటికి పోదు. కనుక నీరు తేటగా కనబడినంత మాత్రాన అది చేపకు తగినదని భావించరాదు.

క్రొత్తగా తొట్టె కొన్నవారిలో చాలామంది దానిని కడిగి, నీరు నింపి, ఆ సాయంకాలమే పది చేపలను విడుస్తారు. మొదటి కొన్ని రోజులు ముచ్చటగా గడుస్తాయి. ఆ తరువాత చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరచి రొప్పుతూ ఒకటొకటిగా చనిపోతాయి. దిష్టి తగిలిందని కొందరు, అంగడివాడు రోగిష్ఠి చేపలను అంటగట్టాడని కొందరు అనుకొంటారు. తరచుగా జరిగేది వేరు. ఆ చేపలను చంపినది అవి విసర్జించిన మలినమే.

చేప ముఖ్యంగా మొప్పల ద్వారా అమ్మోనియాను విడుస్తుంది. తినగా మిగిలిన మేత కుళ్లినా అదే పుడుతుంది. దానికి రంగు లేదు. కొద్ది మోతాదులో వాసన కూడా తెలియదు. దీనిని పరిహరించే సూక్ష్మజీవులు ప్రకృతిలోనే ఉన్నాయి. ఒక వర్గపు బాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే. రక్తానికి ప్రాణవాయువును మోసే శక్తిని అది హరిస్తుంది. మరొక వర్గం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ అంత ప్రమాదకరం కాదు. ఈ జీవుల పనిని 1890 ప్రాంతంలో రష్యా శాస్త్రవేత్త సెర్గేయ్ వినోగ్రాడ్‌స్కీ వెల్లడించాడు. పొలంలో పైరుకు మేలుచేసే ఆ క్రియయే తొట్టెలో చేపను కాపాడుతుంది.

అయితే ఈ బాక్టీరియా గులకరాళ్ల మీద, ఫిల్టరులోని స్పాంజి మీద తగినంతగా పెరగడానికి సాధారణంగా నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. అంతవరకు చేపలు లేని తొట్టెలో ఫిల్టరును నడుపుతూ, రోజూ చిటికెడు మేత వేస్తూ నిరీక్షించడం ఉత్తమం. పిల్లలున్న ఇంట ఇది కష్టమే! అమ్మోనియా, నైట్రైట్ మొదట పెరిగి, పిమ్మట రెండూ శూన్యమైనవని పరీక్షలో తేలిన తరువాతనే చేపలను కొద్దికొద్దిగా విడవాలి.

ఇక స్థానికమైన నీటి స్వభావాన్ని గమనించాలి. నంద్యాల, ఆళ్లగడ్డ పరిసరాలలో నేల అడుగున సున్నపురాతి పొరలు విస్తారంగా ఉన్నాయి. భూగర్భ శాస్త్రజ్ఞులు వాటిలో ఒకదానికి కోయిలకుంట్ల సున్నపురాయి అనియే పేరు పెట్టారు. నీరు బెలుం గుహలను తొలిచినది కూడ సున్నపురాతిలోనే. ఆ పొరలలో ఇంకిన నీరు కాల్షియం లవణాలను కరిగించుకొని కఠినజలమవుతుంది. కాచిన పాత్ర అడుగున తెల్లని పొర కట్టడం, సబ్బు నురగ రాకపోవడం దీని గుర్తులు. గప్పీ, మోలీ వంటి చేపలకు ఈ నీరు ఎంతో అనుకూలం. అమెజాన్ ప్రాంతపు మృదుజలంలో పుట్టిన నియాన్ టెట్రా, డిస్కస్ జాతులకు అంతగా సరిపడదు.

ఈ నీటిలో ఒక మేలు, ఒక కీడు కలిసి ఉన్నాయి. బాక్టీరియా పనిచేసేటప్పుడు పుట్టే ఆమ్లాన్ని ఇందులోని బైకార్బనేటు అణచివేస్తుంది. కాని క్షారగుణం పెరిగిన కొద్దీ అమ్మోనియా విషతీవ్రత పెరుగుతుంది. 25 డిగ్రీల వేడిలో పి.హెచ్. విలువ 7 ఉన్నప్పుడు మొత్తం అమ్మోనియాలో విషరూపం ఒక శాతానికి లోపే. విలువ 8 అయితే అది సుమారు 5 శాతం. ఎండాకాలపు వేడి దీనిని మరింత పెంచుతుంది. పైగా వేడినీటిలో ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది. అందుచేత వేసవిలో మేత తగ్గించి, గాలిబుడగల యంత్రాన్ని ఎడతెగక నడపాలి.

ఆవిరైన నీటికి బదులుగా బోరునీటిని పోస్తూ పోవడం కూడ పొరపాటే. నీరు ఆవిరవుతుంది కాని లవణాలు తొట్టెలోనే మిగిలిపోతాయి. వారానికొకసారి నాలుగవ వంతు నీటిని తోడివేసి క్రొత్త నీరు పోయాలి. కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటే ఒక రోజు వెడల్పు పాత్రలో మూత లేకుండా ఉంచాలి. బోరునీటిలో ప్రాణవాయువు తక్కువగా ఉండవచ్చు; దానిని ఎత్తునుండి ధారగా పోయడం మేలు.

అలంకారానికి వేసే రాళ్ల విషయంలోను జాగ్రత్త అవసరం. బేతంచెర్ల నాపరాయి ముక్క గాని, శిల్పులకు పేరుపొందిన ఆళ్లగడ్డలో ఉలిదెబ్బకు రాలిన పెళ్ల గాని అందంగా ఉన్నదని వెంటనే తొట్టెలో వేయరాదు. దానిపై నాలుగు చుక్కల నిమ్మరసం పిండి చూడాలి. నురగ పొంగితే అది సున్నపురాయి. నీటి కాఠిన్యాన్ని ఇంకా పెంచుతుంది. గ్రానైటు అట్లా పొంగదు.

శుభ్రత మీది మక్కువతో తొట్టెనంతా ఖాళీచేసి, ఫిల్టరును కుళాయి క్రింద తోమి కడిగేవారున్నారు. దానితో వారాల తరబడి పెరిగిన బాక్టీరియా నశించి, తొట్టె మరల మొదటి రోజు స్థితికి వస్తుంది. స్పాంజిని తొట్టెనుండి తోడిన నీటిలోనే ముంచి, మెల్లగా పిండి తిరిగి పెట్టాలి.