ఏ రూపాయికి ఆ పేరు

జంతికలు చేసి అమ్మడం మొదలెట్టిన కొత్తలో ఆ డబ్బూ, ఇంటి డబ్బూ ఒకే పోపుల డబ్బాలో వేసేదాన్ని. "ఏమైనా మిగులుతోందా?" అని మావారు అడిగితే నీళ్లు నమిలేదాన్ని.

చివరికి ఓ నోటు పుస్తకం పెట్టాను. ప్రతి పద్దు పక్కనా నాకు తోచిన పేరు రాశాను: అమ్మకం, అరువు, సరుకు, గ్యాస్, కవర్లు, ఆటో. ఇంటికి వాడుకుంటే 'ఇల్లు'.

నెలాఖరున పేర్లవారీగా కూడితే అమ్మకం రూ.6,000, ఖర్చు రూ.4,800. ఇరవై రోజులు పొయ్యి దగ్గర నిలబడితే నాకు దక్కింది రోజుకు 60 రూపాయలు! ఏడుపొచ్చింది.

ఆటోకే రూ.900 పోతోంది. ఇప్పుడు ఆర్డర్లన్నీ కలిపి వారానికోసారే పంపుతున్నా. కిలోకి 40 రూపాయలు పెంచా. పుస్తకంలో 'నా కూలి' అన్న పేరూ చేర్చా.

మీరూ ఏదైనా అమ్ముతుంటే ముందుగా ఆ పేరే రాసుకోండి. మనం మరిచిపోయేది దాన్నే!