అద్దానికి వేలాడే ప్రాణం

జహీరాబాద్‌లో పొద్దున ఏడింటికి పాత ముంబై హైవే పక్కన పది నిమిషాలు నిలబడితే చాలు, మన హెల్మెట్లు ఎక్కడ కాపురం ఉంటున్నాయో తెలిసిపోతుంది. కొన్ని సైడ్ అద్దానికి వేలాడుతుంటాయి. కొన్ని పెట్రోలు ట్యాంకు మీద బోర్లించి ఉంటాయి. కొన్ని వెనక కూర్చున్న ఇల్లాలి ఒళ్లో, టిఫిన్ డబ్బా పక్కన. తల మీదికి ఎక్కిన వాటిలోనూ గడ్డం కింద బకిల్ పెట్టినవి వెతుక్కోవాల్సిందే. ట్రాక్టర్ ఫ్యాక్టరీ షిఫ్టుకు పోయేవాళ్లు, కోహీర్ నుంచి జామకాయల బుట్టలు కట్టుకొచ్చేవాళ్లు, ఝరాసంగం గుడికి పోయే జంటలు, పని మీద బీదర్ దాకా వెళ్లేవాళ్లు... ఎవరినడిగినా ఒకటే జవాబు: “గీడికే కదా పోయేది!”

ఆ మాట మీద నాకు కోపం లేదు, భయముంది. నిలబడ్డ మనిషి ఉన్నచోటే వెనక్కి పడిపోయినా, తల నేలను తాకేసరికి దాని వేగం గంటకు ఇరవై కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఒక్కోసారి ప్రాణం పోవడానికి అదే ఎక్కువ. బండి మీద యాభైలో పోతూ గోడకు కొట్టుకుంటే, సుమారు పది మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడో అంతస్తు మీద నుంచి కింద పడ్డట్టే. మేడ అంచున నిలబడితే కాళ్లు వణుకుతాయి. బండి మీద యాభైలో వెళ్తుంటే ఈల వేయబుద్ధవుతుంది. ఎత్తు కంటికి కనపడుతుంది, వేగం కనపడదు. తేడా అంతే.

జహీరాబాద్ మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి పుణె నుంచి హైదరాబాద్ మీదుగా మచిలీపట్నం దాకా సాగుతుంది. రాత్రీ పగలూ లారీలే. చెరకు సీజనులో వాటికి ట్రాలీలు తోడవుతాయి. వెనక లైటు లేని ట్రాలీ, దాని వెడల్పు దాటి బయటికి పొడుచుకొచ్చిన గడలు, ఎదురుగా లారీ హెడ్‌లైట్ల వెలుగు. ఈ మూడింటి మధ్య బండి నడిపేవాడికి ట్రాలీ కనపడేసరికి బ్రేకు వేసే దూరం మిగలదు. ట్రాలీ వెనక నాలుగు రేడియం స్టిక్కర్లు అంటించడానికి పావుగంట కూడా పట్టదు. చెరకు పండించే రైతన్నలను చేతులెత్తి అడుగుతున్నాను, ఆ పని ఈ సీజను మొదట్లోనే చేయండి.

ఆ చవితి రాత్రి

2021 సెప్టెంబరు 10, వినాయక చవితి. హైదరాబాద్‌లో దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి దాటి ఐకియా వైపు పోతున్న స్పోర్ట్స్ బైకు రోడ్డు మీదున్న ఇసుకలో జారింది. నడుపుతున్నది హీరో సాయిధరమ్ తేజ్. పడిపోయిన మనిషికి స్పృహ లేదు. దారిన పోయేవాళ్లు ఆగారు, 108 వచ్చింది, దగ్గర్లోని ఆసుపత్రికీ అక్కడి నుంచి జూబ్లీహిల్స్ అపోలోకూ తీసుకెళ్లారు. కాలర్ బోన్ విరిగింది, ఆపరేషన్ జరిగింది. వేగం గురించి పోలీసులు కేసు కూడా పెట్టారు. తలకు మాత్రం హెల్మెట్ ఉంది.

ఆ తర్వాతి తేదీలు చూడండి. అక్టోబరు 1న ఆయన సినిమా ‘రిపబ్లిక్’ విడుదలైంది. హీరో ఇంకా ఆసుపత్రి మంచం మీదే ఉన్నాడు. అక్టోబరు 15న, దసరా రోజున, తన పుట్టినరోజు నాడే ఇంటికి చేరాడు. అంటే 35 రోజులు ఆసుపత్రిలోనే. తర్వాతి సినిమా ‘విరూపాక్ష’ తెర మీదికి వచ్చింది 2023 ఏప్రిల్ 21న. ఈ మధ్యకాలంలో మాట సరిగా రాక ఎంత ఇబ్బంది పడిందీ, మాటను మళ్లీ ఎలా కూడదీసుకుందీ ఆయనే చెప్పుకొచ్చాడు. డైలాగు మీద బతికే మనిషికి మాట తడబడటమంటే ఏమిటో వేరే చెప్పాలా! అప్పటి నుంచి వేదిక ఎక్కినప్పుడల్లా హెల్మెట్ పెట్టుకోండని బతిమాలుతూనే ఉన్నాడు. మంచి వైద్యం, అండగా నిలిచే కుటుంబం ఉండి కూడా తెర మీదికి రావడానికి ఏడాదిన్నర పైన పట్టింది. హెల్మెట్ లేకపోతే కోలుకోవడం అనే మాటకే చోటుండేది కాదేమో.

రోడ్డు మరో రెండు ఇళ్లకు ఆ చోటు కూడా ఇవ్వలేదు. కోట శ్రీనివాసరావు, బాబూమోహన్ జంట తెర మీద కనపడితే పొట్ట చెక్కలయ్యేలా నవ్వని తెలుగువాడు లేడు. బాబూమోహన్ మన సంగారెడ్డి జిల్లా అందోల్‌కు ఎమ్మెల్యేగా, మంత్రిగా పనిచేసిన మనిషి. ఆయన పెద్ద కొడుకు 2003లో హైదరాబాద్‌లో బైకు ప్రమాదంలోనే పోయాడు. కోట గారి అబ్బాయి 2010 జూన్‌లో శంషాబాద్ దగ్గర అవుటర్ రింగ్ రోడ్డు మీద, అతనూ బైకు మీదే. మనల్ని అంతలా నవ్వించిన ఇద్దరు తండ్రులూ ఒకే తీరు కడుపుకోతతో మిగిలారు. పాత సినిమాల్లో ఆ ఇద్దరూ పక్కపక్కన నవ్వుతూ కనపడితే ఇప్పటికీ నా గొంతు పట్టేస్తుంది.

తలలో ఏం జరుగుతుంది?

హెల్మెట్‌ను తిరగేసి లోపలి గుడ్డ పక్కకు లాగి చూడండి. పైన గట్టి చిప్ప, దాని లోపల వేలెడు మందాన తెల్లటి థర్మకోల్. అసలు పని చేసేది ఈ థర్మకోలే. దెబ్బ తగిలినప్పుడు అది నలిగి, మెదడుకు చేరాల్సిన తాకిడిని తాను మింగుతుంది. ఒకసారి నలిగింది మళ్లీ ఉబ్బదు. అందుకే ఒక్క ప్రమాదం చూసిన హెల్మెట్, పైకి గీత కూడా లేకపోయినా, పనికిరాదు. థర్మకోల్ లేకుండా స్పాంజి అంటించి రోడ్డు పక్కన అమ్మే టోపీలు పోలీసును తప్పించుకోవడానికే తప్ప దెబ్బను తప్పించవు. 2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ మార్కు లేని బైకు హెల్మెట్ తయారు చేయడమూ అమ్మడమూ నేరం. వెనకవైపు ‘ఐఎస్ 4151’ అన్న గుర్తు ఉండాలి. బకిల్ పెట్టకపోతే ఎంత ఖరీదైనదైనా మొదటి కుదుపుకే ఎగిరిపోతుంది, తల ఒక దిక్కు, హెల్మెట్ ఒక దిక్కు.

ఈ హెల్మెట్ నియమం వెనక ఓ పాత కథ ఉంది. ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’గా పేరుమోసిన టి.ఇ.లారెన్స్ 1935 మేలో ఇంగ్లండులో బైకు మీద నుంచి పడి, ఆరు రోజులకు కన్నుమూశాడు. ఆయన్ను చూసిన వైద్యుల్లో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు సర్జన్ ఉన్నాడు. ఆ చావు ఆయన్ను వదల్లేదు. సైన్యంలో బైకుల మీద ఉత్తరాలు చేరవేసే సిపాయిల తల దెబ్బలను లెక్కగట్టి 1941లో వ్యాసం రాశాడు. ఆ సిపాయిలకు హెల్మెట్ తప్పనిసరి అయింది. హెల్మెట్ పెట్టుకోమనే మన మోటారు వాహనాల చట్టంలోని 129వ సెక్షన్‌కు మూలాలు వెతికితే ఆ సర్జన్ బాధ దగ్గర తేలతాం.

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో హెల్మెట్ లేక దేశంలో 50,029 మంది చనిపోయారు. అందులో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లు. ఈ రెండో అంకె దగ్గర కాసేపు ఆగాలి. మన దగ్గర వెనక కూర్చునేది ఎక్కువగా ఆడవాళ్లు. ఒక పక్కకు కాళ్లు పెట్టి, ఒక చేత్తో బిడ్డను, ఇంకో చేత్తో సీటును పట్టుకుని కూర్చుంటారు. స్పీడ్ బ్రేకర్ దగ్గర బండి ఎగిరితే వెనక్కి వెల్లకిలా పడతారు, తల వెనక భాగం రోడ్డుకు తగులుతుంది. చున్నీ, చీర కొంగు చక్రంలో చిక్కుకుంటే మరో రకం ఘోరం. హెల్మెట్ నడిపేవాడికే అన్నట్టు ఇంటికి ఒకటే కొంటున్నాం. చట్టం ఇద్దరికీ పెట్టుకోమంది, నాలుగేళ్లు దాటిన పిల్లలకు కూడా.

తలతోనే అయిపోలేదు. చెప్పులతో బండి నడిపేవాడి పాదం పడగానే బండి కింద నలుగుతుంది. పడేటప్పుడు మనిషి మొదట చేతులే ఆనిస్తాడు, అందుకే గ్లౌజులు. తారు రోడ్డు మీద ఈడ్చుకుపోతే పలచటి ప్యాంటు క్షణంలో చిరిగి, ఆ తర్వాత చర్మం వంతు వస్తుంది. మోచేతులు, భుజాల దగ్గర ప్యాడ్లున్న జాకెట్ కొనగలిగినవాళ్లు కొనండి. లేనివాళ్లు కనీసం బూట్లు, మందపాటి జీన్స్, నిండు చేతుల చొక్కా వేసుకోండి. ఎండాకాలంలో జహీరాబాద్‌లో ఇవన్నీ వేసుకుని తిరగడం కష్టమే, కాదనను. అయితే గీరుకుపోయిన ఒంటిమీద రోజూ కట్టు విప్పి కట్టించుకోవడం అంతకంటే కష్టం.

పడ్డాక

పడిన మనిషి చుట్టూ మనవాళ్లు వెంటనే చేరతారు. అది మన ఊళ్ల మంచితనం. కానీ అందులోనే కొంత ప్రమాదం ఉంది. ఒకరు లేపి కూర్చోబెడతారు, ఒకరు నోట్లో నీళ్లు పోస్తారు, ఒకరు హెల్మెట్ లాగేస్తారు, నలుగురు కలిసి ఆటోలో మడిచి పడేస్తారు. మెడ ఎముక విరిగి ఉంటే ఆ లాగడంతోనే కాళ్లూ చేతులూ పడిపోవచ్చు. ఊపిరి ఆడుతుంటే హెల్మెట్ జోలికి పోవద్దు. తలా మెడా కదలకుండా పట్టుకోండి. నెత్తురు కారే చోట శుభ్రమైన గుడ్డతో నొక్కి పట్టండి. స్పృహ లేనివారికి చుక్క నీళ్లు కూడా పోయొద్దు. 108కి ఫోన్ చేయండి. 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆ నంబరు చిన్నపిల్లలకు కూడా నోటికొచ్చు. పోలీసు కేసు భయం పెట్టుకోవద్దు. 2016లో సుప్రీంకోర్టు, 2019లో చట్ట సవరణ సాయం చేసినవారికి రక్షణ ఇచ్చాయి, పేరు చెప్పమని కూడా ఎవరూ బలవంతం చేయకూడదు. 2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితులకు కేంద్ర పథకంలో ఉన్న ఆసుపత్రుల్లో మొదటి ఏడు రోజులు లక్షన్నర రూపాయల దాకా నగదు అడగకుండా వైద్యం చేయాలి. ఈ సంగతి ఇంకా చాలామందికి తెలియదు.

లేచి దులుపుకుని, చాయ్ తాగి, నవ్వుతూ ఇంటికి పోయినవాళ్లను కూడా ఒకటి రెండు రోజులు కనిపెట్టి ఉండాలి. తలనొప్పి పెరగడం, వాంతులు, ఎప్పుడూ లేని మత్తు, ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ అడగడం కనపడితే క్షణం ఆగొద్దు. పుర్రె లోపల నెత్తురు మెల్లగా గడ్డ కడుతుండవచ్చు. ‘అలసిపోయాడు, పడుకోనీ’ అనుకుని పొద్దున లేపబోయిన ఇళ్లు ఉన్నాయి. గీరుకుపోయిన గాయం మీద పసుపు, కాఫీ పొడి అద్దొద్దు. నీళ్లతో కడిగి, టీటీ ఇంజెక్షన్ తీసుకోవాలి. విరిగిన కాలికి బిగించి నాటుకట్టు కట్టి, రక్తం ఆగిపోయి, వేళ్లు నల్లబడ్డాక ఆసుపత్రికి వస్తే డాక్టరు కూడా కాలు నిలబెట్టలేడు.

ఆ తర్వాతే అసలు ఓపిక. కాలర్ బోన్ అతకడానికి ఆరు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. మోకాలి కింది పెద్ద ఎముక విరిగి రాడ్డు వేస్తే నాలుగు నుంచి ఆరు నెలలు. ఎముక అతికిందని ఎక్స్‌రే చెప్పినా కీలు మాట వినదు. మోకాలు వంగదు, తొడ కండ సన్నబడి ఉంటుంది. నేను కళ్లారా చూసిన ఓ దృశ్యం: మంచం మీద కాలు చాపి, మోకాలి కింద చుట్టి పెట్టిన తువ్వాలును కిందికి నొక్కుతూ పది అంకెలు లెక్కపెడుతున్న పాతికేళ్ల కుర్రాడు. ఆరో అంకెకే కళ్లలో నీళ్లు. పక్కన వాళ్లమ్మ “ఇంకొక్కటి బిడ్డా, ఇంకొక్కటే” అంటోంది. ఫిజియోథెరపీ అంటే అదే. మధ్యలో మానేస్తే కుంటి నడక జీవితమంతా ఉంటుంది. సిగరెట్ తాగితే ఎముక ఆలస్యంగా అతుకుతుంది. పప్పు, గుడ్డు, పాలు, మన తైదల జావ, జొన్న రొట్టె తినండి. ఇందులో ఖరీదైనదేదీ లేదు.

మనసు దెబ్బ ఇంకా ఆలస్యంగా మానుతుంది. లారీ హారన్ వింటే గుండె దడ, నిద్రలో ఉలికిపాటు, చీటికిమాటికి కోపం. తల దెబ్బ తగిలినవారిలో ఇది మరీ ఎక్కువ. ‘మొండికేశాడు’ అని తిట్టకండి, డాక్టరుతో చెప్పండి. ఇంకో సంగతి: రోజు కూలీ మీద బతికే ఇంట్లో ఆరు నెలలు మంచం పడితే వైద్యం ఉచితమైనా జీతం రాదు. ఆసుపత్రికి తోడుగా పోయే భార్యదీ పని పోతుంది. పిల్లల ఫీజు ఆగుతుంది. హెల్మెట్, గ్లౌజులు, జాకెట్, బూట్లు అనే ఆ నాలుగు వస్తువులు ఇలా మంచాన పడే రోజులను తగ్గించగలవు. కోలుకోవడం ఆసుపత్రిలో కాదు, బండి స్టార్ట్ చేసేముందు బకిల్ ‘టక్’మన్నప్పుడే మొదలవుతుందని నేను గట్టిగా నమ్ముతాను.

ఈ ఆదివారం పత్రిక మడిచాక మీ ఇంట్లో హెల్మెట్ తీసి చూడండి. ఐఎస్ఐ మార్కు ఉందా, లోపల థర్మకోల్ ఉందా, బకిల్ పడుతోందా, కొని ఐదేళ్లు దాటిందా? వెనక కూర్చునే మనిషికి రెండోది ఉందా? లేకపోతే సాయంత్రం బజారుకు పోయేది ఎలాగూ ఉంటుంది, దాన్ని తెచ్చుకోండి. పోయేటప్పుడు అద్దానికి వేలాడేదాన్ని తల మీద పెట్టుకుని పోండి.