లెన్సు లేని ఎక్స్-రే కెమెరా

కారు పొగగొట్టం దారిలో క్యాటలిటిక్ కన్వర్టర్ అనే డబ్బా ఒకటి ఉంటుంది. ఇంజన్ వదిలే కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువు అందులో కార్బన్ డయాక్సైడుగా మారుతుంది. మార్చేవి ప్లాటినం, పల్లాడియం వంటి లోహాల నానో రేణువులు. పనంతా రేణువు ఉపరితలం మీదే జరుగుతుంది. అక్కడి పరమాణువుల మధ్య ఎడం పిసరంత సాగినా, కుంచించుకుపోయినా లోహం వాయువును పట్టుకునే బలం మారిపోతుంది. ఇలా సాగడాన్నీ కుంచించుకుపోవడాన్నీ వికృతి అంటారు. మావ్రికాకిస్, హామర్, నోర్స్‌కోవ్ అనే శాస్త్రవేత్తలు 1998లో లెక్కలు కట్టి ఈ సంగతి చూపించారు. లోహం మరీ గట్టిగా పట్టుకుంటే వాయువు వదలదు, మరీ వదులుగా పట్టుకుంటే చర్యే సాగదు. అందుకే రేణువులో ఏ మూల ఎంత వికృతి ఉందో తెలియడం అంత ముఖ్యం.

కానీ చూడటమెలా? ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు పరమాణువులను చూపగలదు గానీ మామూలుగా దానికి శూన్యం కావాలి, నమూనా పలచగా ఉండాలి. ఎక్స్-కిరణాలకు ఆ ఇబ్బంది లేదు, వాయువునూ ద్రవాన్నీ దాటుకుని పోతాయి. అయితే అవి లెన్సులకు అంత సులువుగా లొంగవు. 1912లో మ్యూనిక్‌లో లావే బృందం, ఆ వెంటనే ఇంగ్లండులో బ్రాగ్ తండ్రీకొడుకులు వేరే దారి చూపారు. స్ఫటికంలోని పరమాణు పొరలు ఎక్స్-కిరణాలను కొన్ని నిర్దిష్ట కోణాల్లోనే బలంగా వెదజల్లుతాయి. స్ఫటికం అతి చిన్నదై, కిరణాలు సంబద్ధమైతే, అంటే వాటి తరంగాలు ఒకే లయలో సాగితే, డిటెక్టరు మీద పడే చుక్క చుట్టూ సన్నని చారలు ఏర్పడతాయి. రేణువు ఆకారమూ లోపలి వికృతీ ఆ చారల్లోనే ఉన్నాయి.

చిక్కల్లా దశతోనే. కోలాటంలో కర్ర ఎంత గట్టిగా తగిలిందన్నది ఒకటి, ఏ క్షణాన తగిలిందన్నది మరొకటి. డిటెక్టరుకు దెబ్బ బలమే తెలుస్తుంది, తరంగం వచ్చిన క్షణం, అంటే దశ, నమోదు కాకుండానే పోతుంది.

పోయిన దాన్ని తిరిగి రాబట్టవచ్చని 1952లో డేవిడ్ సేయర్ ఒక చిన్న వ్యాసంలో సూచించాడు. బ్రాగ్ చుక్కల దగ్గరే కాక, వాటి నడుమ కూడా తీవ్రతను దగ్గర దగ్గరగా కొలిస్తే దశ దొరుకుతుందన్నది ఆయన ఆలోచన. అప్పటికి తగిన కిరణపుంజమూ లేదు, లెక్క చేసే యంత్రమూ లేదు. తర్వాత ఐబీఎంలో ఫోర్ట్రాన్ అనే కంప్యూటరు భాషను తయారుచేసిన బృందంలో ఆయనా పనిచేశాడు. 1972లో గెర్ష్‌బర్గ్, సాక్స్‌టన్, 1978లో ఫీనప్ దశను వెతికే గణన పద్ధతులు ఇచ్చారు. 1999లో మియావో బృందం ఎక్స్-కిరణాలతో దీన్ని నిజం చేసి చూపింది. ఆ బృందంలో 75 ఏళ్ల సేయర్ కూడా ఉన్నాడు. 2001లో ఇయాన్ రాబిన్సన్ బృందం బంగారు నానో స్ఫటికాల ఆకారాన్ని తేల్చింది. 2006లో సీసపు నానో స్ఫటికం లోపలి వికృతి మూడు కొలతల్లో పటంగా వచ్చింది.

ఈ పద్ధతికి నేడు పెద్ద కేంద్రాల్లో ఒకటి ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్. అక్కడ ఎక్స్-కిరణాలను పుట్టించే సింక్రోట్రాన్ అనే వలయాకారపు యంత్రం చుట్టుకొలత 844 మీటర్లు. దాన్ని కొత్తగా నిర్మించి 2020లో మళ్లీ తెరిచాక కిరణపుంజం మునుపటి కంటే సుమారు 100 రెట్లు ప్రకాశవంతమైంది. ఒక్క ప్లాటినం రేణువును పుంజంలో నిలిపి, డిగ్రీలో నూరో వంతు వంటి చిన్న అడుగులతో తిప్పుతారు. అడుగడుక్కీ డిటెక్టరు ఒక చిత్రం తీస్తుంది. వాటన్నింటినీ పేర్చి కంప్యూటరుకు ఇస్తారు. అది ఒక దశను ఊహించి రేణువును గీస్తుంది, రేణువు హద్దు బయట కనిపించినదాన్ని అణచివేస్తుంది, కొలిచిన తీవ్రతతో సరిపోల్చి మళ్లీ గీస్తుంది. వందల సార్లు ఇలా చేశాక బొమ్మ స్థిరపడుతుంది. అలా దొరికిన దశే వికృతి లెక్కకూ ఆధారం. ప్లాటినంలో రెండు ముఖ్యమైన పొరల మధ్య దూరం 0.2265 నానోమీటర్లు. దశ పూర్తి చక్రంలో పదో వంతు జరిగితే ఆ చోటి పరమాణువులు తమ చోటు నుంచి సుమారు 0.02 నానోమీటర్లు జరిగాయన్నమాట.

దీనితో ఏం తెలిసింది? కార్బన్ మోనాక్సైడు మండే చర్య సాగుతుండగా ప్లాటినం రేణువు లోపలి జంట స్ఫటికాల సరిహద్దు చోటు మారడాన్ని 2021లో చూశారు. 2023లో రేణువును ద్రవంలో ఉంచి వోల్టేజి మార్చినప్పుడు ముఖాల దగ్గర ఒక రకంగా, అంచులు, మూలల దగ్గర మరో రకంగా వికృతి కనిపించింది. అది ఉపరితలం నుంచి లోపలికీ పాకింది. ఉత్ప్రేరకం కదలని వేదిక కాదు, చర్యతో పాటు తానూ మారుతుంది.

ఈ పద్ధతి ఇప్పటికి 20 నానోమీటర్ల రేణువు దాకా వచ్చింది. కన్వర్టర్లలోనూ ఫ్యూయల్ సెల్‌లలోనూ పనిచేసే రేణువుల్లో చాలావరకు కొద్ది నానోమీటర్లవే. ఆ ఎడం పూడ్చగలిగితే ఖరీదైన ప్లాటినాన్ని తక్కువ వాడి ఎక్కువ పని చేయించడానికి ఊహలతో కాక కొలతలతోనే దారి వెతకవచ్చు. సేయర్ ఆలోచన ప్రయోగంగా రుజువు కావడానికి 47 ఏళ్లు పట్టింది. ఈ మిగిలిన దూరానికి కూడా అంత ఓపికతో పెట్టుబడి పెట్టడం సబబే.