ఎండలో పిట్ట ఫొటో

వాల్మీకిపురం, మదనపల్లె ప్రాంతపు రాతిగుట్టల పొదలలో ఉండే పిగిలిపిట్టలలో రెండు రకాలను చూద్దాము. ఒకటి తెల్లకనుబొమ పిగిలి. దక్షిణాదిన విరివిగా కనిపించేదే. రెండవది పసుపుగొంతు పిగిలి. దక్షిణభారతపు రాతికొండలలో తప్ప ఇది ప్రపంచంలో మరెక్కడా లేదు. మనుగడకు ముప్పుగల పక్షుల జాబితాకు కూడా ఎక్కినది. హార్స్‌లీ కొండలమీదను, 1991లో పక్షిరక్షణ స్థలంగా ప్రకటించిన రిషివ్యాలీలోను దీనిని చూడవచ్చును.

రెండింటి వీపూ ఆకుపచ్చ కలిసిన బూడిదరంగే. మొదటిదానికి కంటిపై తెల్లని చార. రెండవదానికి తల, గొంతు పసుపు. కనుక "మా ఊరి గుట్టమీద పసుపుగొంతు పిగిలిని చూచినాము" అని విద్యార్థులు చెప్పినప్పుడు, దానికి సాక్ష్యం ఫొటోలోని ఆ కాస్త పసుపే. తీవ్రమైన ఎండ దానినే చెరిపివేస్తుంది.

ఎట్లాగంటే, కెమెరాలోని కాంతిమాపకం ఎదుటనున్నదంతా నడిమి బూడిదరంగని భావించి లెక్క వేస్తుంది. పిట్ట వెనుక చీకటి పొద ఉంటే, వెలుతురు చాలదని భ్రమించి ఎక్కువ కాంతిని లోనికి రానిస్తుంది. ఎండలోని గొంతుకు అది మితిమీరుతుంది. కెమెరా పసుపును ముఖ్యంగా ఎరుపు, ఆకుపచ్చ కాంతుల కొలతగా వ్రాసుకొంటుంది; నీలం స్వల్పం. మామూలు చిత్రంలో ఒక్కొక్క రంగుకు 0 నుండి 255 వరకే మెట్లు. ఎరుపు, ఆకుపచ్చ 255 వద్ద ఆగిపోయిన తరువాత కూడ నీలం పెరుగుతూనే ఉంటుంది. మూడూ సమానమైతే తెలుపే గదా! పొర్లిపోయిన కుండను చూచి ఎంత నీరు పోసినారో చెప్పలేము. అటువంటి ఫొటోను కంప్యూటరులో ఎంత దిద్దినా, తెల్లబోయిన గొంతు బూడిదగా మారునే గాని పసుపు తిరిగి రాదు.

నిండు ఎండకు ఫొటోగ్రాఫర్ల పాత సూత్రమొకటి ఉన్నది: ఎఫ్/16 వద్ద షట్టరు వేగం ఐ.ఎస్.ఓ. సంఖ్యకు సమానంగా ఉంచవలెను. ఐ.ఎస్.ఓ. 400 అయితే 1/400 సెకండు. పిట్ట నిలకడలేనిది కనుక ఎఫ్/8, 1/1600 పెట్టవచ్చు. లోనికి వచ్చే కాంతి అంతే. తెల్లకొంగకు ఇంకొక మెట్టు తగ్గించవలెను. తీసిన వెంటనే హిస్టోగ్రామ్‌లో ఎరుపు గీత కుడిగోడను తాకినదేమో చూడవలెను. ముడి ఫైలు, అనగా 'రా' ఫైలు, భద్రపరచుట మంచిది. 12 బిట్ల ఫైలులో 4096 మెట్లుంటాయి గనుక నీడలను పిమ్మట కొంత వెలిగించవచ్చు.

రంగుల గాఢతను పెంచే మీట విషయంలో మాత్రం నేను కఠినంగానే చెబుతాను: ముట్టుకోవద్దు. దానిని బాగా జరిపితే తెల్లకనుబొమ పిగిలి పాలిపోయిన గొంతు కూడా పసుపెక్కుతుంది. ఆ గుట్టమీద లేని పిట్ట లెక్కలోకి వస్తుంది.

ఇంకొక మాట. ప్రొద్దెక్కిన కొద్దీ బండలు కాగి, పైగాలి అలలాడుతుంది. దూరపు లెన్సులో ఈకలు చెదిరి కనిపిస్తాయి. దానికి ఏ దిద్దుబాటూ లేదు. సూర్యోదయమైన రెండు గంటలలోపలనే పని ముగించుకొని, దిద్దని ఫైలును తేదీ, వేళ, స్థలముతో సహా దాచవలెను.